ఒడ్డున తొలి అరగంట: వాణిజ్యం మారితే చిన్న మత్స్యకారుడికి సాయం ఎక్కడ అందాలి?

తెల్లవారుజామున పడవ ఒడ్డు చేరుతుంది. నడుంలోతు నీళ్లలో దిగినవాళ్లు దాన్ని ఇసుక మీదికి లాగుతారు. వల దులిపి చేపలను కుప్పలు పోస్తారు. వంజరం ఒకచోట, కానాగడతలు ఒకచోట, రొయ్యలు విడిగా, చిన్నాచితకా అంతా ఒక పక్కగా. వెంట తీసుకెళ్లిన ఐసు రాత్రే కరిగిపోయింది. నీడ లేదు. చాలాచోట్ల తూకం కూడా ఉండదు, కంటి అంచనాయే తూకం. ఎండ ఎక్కేకొద్దీ మొప్పల ఎరుపు తగ్గుతుంది, దాంతోపాటే ధర. వేలం పాట మొదలవుతుంది. చుట్టూ నిలబడ్డ కొనుగోలుదారుల్లో ఒకరి దగ్గర పడవ యజమాని ఇంజను కోసం అప్పు తీసుకుని ఉంటాడు. ఆ షావుకారు పలికిన ధరకు మించి మిగతావాళ్లు పాడరు. అరగంటలో అంతా అయిపోతుంది. రాత్రంతా సముద్రం మీద ఉన్న అయిదారుగురి కష్టానికి వెల కట్టేది ఆ అరగంటే.

అమెరికా సుంకం పెంచినా, ఐరోపా కొత్త పత్రం అడిగినా, జెనీవాలోని ప్రపంచ వాణిజ్య సంస్థలో సబ్సిడీల మీద ఒప్పందం కుదిరినా, ఆ దెబ్బ చివరికి ఈ పాట ధరగా మారి పడవ మీది మనిషికి తగులుతుంది. ప్రభుత్వాలు ఇచ్చే సాయంలో ఎక్కువ భాగం మాత్రం ఈ అరగంటకు ముందో, తర్వాతో ఆగిపోతోంది. సముద్రంలోకి వెళ్లడానికి డీజిల్ రాయితీ ఉంది. వెళ్లకూడని రోజులకు భృతి ఉంది. సరుకును ఓడ ఎక్కించే ఎగుమతిదారుకు రుణ హామీ ఉంది. చేప మొదటిసారి చేతులు మారే చోట మాత్రం మత్స్యకారుడి పక్కన నిలబడేవారు ఎవరూ లేరు. ఈ వ్యాసం ఆ ఖాళీ గురించి.

చెరువు రొయ్య మీద సుంకం, సముద్రంలో వలకు దెబ్బ

2024-25లో మన దేశం 16.98 లక్షల టన్నుల సముద్ర ఉత్పత్తులను ఎగుమతి చేసి 62,408 కోట్ల రూపాయలు ఆర్జించింది. విలువలో మూడింట రెండు వంతులకు పైగా ఘనీభవించిన రొయ్యలదే. ఆ రొయ్యలకు అతిపెద్ద కొనుగోలుదారు అమెరికా. 2025 ఆగస్టు 27 నుంచి ఆ దేశం మన సరుకుల మీద 50 శాతం సుంకం వేసింది. మరీ చవగ్గా అమ్ముతున్నారంటూ రొయ్యల మీద అప్పటికే వేస్తున్న యాంటీ డంపింగ్ సుంకం, మన ప్రభుత్వ రాయితీలకు బదులుగా అక్కడ వేసే మరో సుంకం దీనికి అదనం. ఇలాంటి శాతాలు చర్చల్లో పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. కానీ ధర ఒకసారి పడిపోయాక ఒడ్డున అది మళ్లీ లేవడానికి పట్టే కాలం వేరు.

ఎగుమతయ్యే ఆ రొయ్యల్లో అత్యధికం చెరువుల్లో పెంచిన వనామీ రకం. అందుకే సుంకాల వార్త వచ్చినప్పుడల్లా ఆక్వా రైతు గురించే మాట్లాడుకుంటాం. అది న్యాయమే. ఆ రైతు కష్టం చిన్నది కాదు. అయితే సముద్రంలో వల వేసేవాడికి దీనితో పనిలేదనుకోవడం మాత్రం పొరపాటు. రెండూ ఒకే గొలుసులో ఉన్నాయి.

వనామీ కొనే శుద్ధి కర్మాగారాలే చాలావరకు సముద్రపు రొయ్యలను, కణవను, మేలు రకం చేపలను కూడా కొంటాయి. అమెరికాకు వెళ్లాల్సిన సరుకు శీతల గిడ్డంగిలో నిలిచిపోతే వాటి పెట్టుబడి అందులోనే ఇరుక్కుపోతుంది. కొత్తగా ఏది కొనాలన్నా చేయి ఆడదు. రెండో దారి మన బజారే. ఎగుమతి కాని చెరువు రొయ్య తక్కువ ధరకు లోపలి మార్కెట్‌కు మళ్లితే, అదే బజారులో సముద్రపు రొయ్య, దాని పక్కన చేప కూడా దిగివస్తాయి. మూడోది అంత తేలిగ్గా కంటికి కనబడదు. వలలో పడే చిన్నాచితకా చేపల్లో కొంత భాగం ఎండి, పొడి అయి, రొయ్యల మేతలోకి వెళుతుంది. రైతు చెరువులో పిల్ల వేయడం తగ్గిస్తే మేత గిరాకీ తగ్గుతుంది, ఆ చిన్న చేపల ధర పడుతుంది. మంచి చేప పడని రోజున డీజిల్ ఖర్చు గట్టెక్కించేది ఆ కుప్పే.

అన్నిటికంటే లోతుగా తగిలేది అప్పు దారి. ఎగుమతిదారు ఏజెంటుకు ముందస్తు డబ్బు ఇస్తాడు, ఏజెంటు ఊరి షావుకారుకు ఇస్తాడు, షావుకారు పడవకు ఇస్తాడు. ఈ నీళ్లు పైనుంచి కిందికి పారతాయి. పైన మడవ కడితే కిందికి చుక్క రాదు. వల చిరిగిన వారంలోనే అప్పు పుట్టకపోతే ఆ పడవ ఒడ్డునే ఉండిపోతుంది.

సముద్రపు రొయ్యకు ఇంతకంటే పాత గాయం ఒకటుంది. వలల్లో చిక్కి సముద్ర తాబేళ్లు చనిపోతున్నాయన్న కారణంతో, వాటిని కాపాడే పరికరం అమర్చని వలలతో పట్టిన రొయ్యలను అమెరికా చట్టం దిగుమతి కానివ్వదు. దీని మీద భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ 1990లలోనే ప్రపంచ వాణిజ్య సంస్థలో వాదించాయి. 2019 నుంచి మన సముద్రపు రొయ్యలకు ఆ మార్కెట్ మూసుకుపోయింది. తాబేలు బయటికి జారిపోయేలా వలలో బిగించే చట్రాన్ని మన కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధన సంస్థ అమెరికా నిపుణులతో కలిసి రూపొందించింది. యంత్రంతో వల ఈడ్చే పెద్ద పడవలకు, అంటే ట్రాలర్లకు, దాన్ని అమర్చడానికి అయ్యే ఖర్చును కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలే భరించే ఏర్పాటు ఉంది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం మనది, కాబట్టి ఇది అమెరికా కోసం మాత్రమే చేసే పని కాదు.

ఇక్కడే చిన్న పడవకు జరిగే అన్యాయం కనిపిస్తుంది. అదే అమెరికా చట్టం మార్గదర్శకాల్లో, యంత్రం లేకుండా చేత్తో లాగే వలలతో పట్టిన రొయ్యలకు మినహాయింపు ఉంది. తాబేలుకు అలాంటి వలతో వచ్చే ముప్పు తక్కువ అన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. కానీ ఒడ్డున ట్రాలర్ రొయ్య, చేతివల రొయ్య ఒకే ఏజెంటు పెట్టెలో కలిసిపోతాయి. ఏది ఎవరు, ఏ వలతో పట్టారో చెప్పే చీటీ ఆ క్షణంలో పుట్టకపోతే ఆ తర్వాత ఎంత పెద్ద ప్రయోగశాల కూడా దాన్ని తేల్చలేదు. మినహాయింపు కాగితం మీద ఉంది, దాన్ని అందుకునే చేయి ఒడ్డున లేదు.

సుంకం దిగుతుంది, పత్రం దిగదు

వాణిజ్యంలో మార్పు అనగానే సుంకమే గుర్తొస్తుంది గానీ, చిన్నవాళ్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది పత్రాలే. దొంగచాటు వేటను అడ్డుకోవడానికి ఐరోపా సమాఖ్య 2010 జనవరి 1 నుంచి సముద్రంలో పట్టిన సరుకుకు వేట ధ్రువపత్రం అడుగుతోంది. చేపను ఏ పడవ, ఎక్కడ, ఎప్పుడు పట్టిందో అందులో ఉండాలి. మన దేశంలో ఆ పత్రాలను సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ ఇస్తుంది, అందరూ ఎంపెడా అని పిలిచేది దాన్నే. 2026 జనవరి నుంచి ఐరోపాలో ఇదంతా కంప్యూటర్ వ్యవస్థలోనే నడవాలి.

చిన్న పడవలకు ఐరోపా ఒక సడలింపు ఇచ్చింది. ఈడ్చే వల లేని, 12 మీటర్ల లోపు పడవలకు సరళమైన పత్రం సరిపోతుంది. దాన్ని నింపి సంతకం చేసేది పడవవాడు కాదు, ఎగుమతిదారు. చూడడానికి ఇది వెసులుబాటే. కానీ తన చేప గురించిన పత్రం తన చేతిలో కాకుండా కొన్నవాడి చేతిలో ఉంటే, కొనేవాడిని మార్చే శక్తి మత్స్యకారుడికి ఇంకాస్త తగ్గుతుంది. షావుకారుకు బాకీ ఉన్నట్టే, ఇకపై పత్రానికీ అతని మీదే ఆధారపడాలి.

మన దేశంలోనూ అలాంటి మినహాయింపే ఒకటి వచ్చింది. 2025 నవంబరులో కేంద్రం తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా ఉండే మన సముద్ర ఆర్థిక మండలంలో (ఈఈజెడ్) చేపల వేటకు కొత్త నియమాలు ప్రకటించింది. యాంత్రిక పడవలు, పెద్ద మోటారు పడవలు ఆన్‌లైన్‌లో ఉచిత అనుమతి పత్రం తీసుకోవాలి. సంప్రదాయ పడవలకు ఆ అవసరం లేదు. ఎల్ఈడీ దీపాలతో వేట, రెండు పడవలు కలిసి ఒకే వల ఈడ్చే జంట ట్రాలింగ్ నిషిద్ధం. సహకార సంఘాలకు, మత్స్యకారుల ఉత్పత్తి సంస్థలకు ప్రాధాన్యం ఇస్తామని అందులో ఉంది. ఇవి మంచి మాటలే, వీటిని స్వాగతిస్తున్నాను. ఒక భయం మాత్రం ఉంది. అనుమతి పత్రం ఉన్న పడవ చేపకు జాడ ఉంటుంది, జాడ ఉన్న చేపకు ఎగుమతి దారి ఉంటుంది. పత్రం నుంచి మినహాయించిన పడవ, దానితోపాటే మంచి ధర నుంచీ మినహాయింపు పొందే ప్రమాదం ఉంది. పడవవాడి మీద భారం వేయకుండా, సంఘం ద్వారానో గ్రామ మత్స్య సహాయకుల ద్వారానో ఆ జాడను ఒడ్డునే రాసిపెట్టే ఏర్పాటు ఇప్పుడే జరగాలి.

ఇప్పుడున్న సాయం ఏమిటి, ఎవరికి

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఆ కాలానికి ఆంధ్రప్రదేశ్‌లో ఇచ్చే భృతి 10,000 రూపాయలుగా ఉండేది. 2025 ఏప్రిల్‌లో ‘మత్స్యకారుల సేవలో’ పేరుతో దాన్ని 20,000 చేశారు. లబ్ధి పొందినవి 1.29 లక్షల కుటుంబాలు. రోజుకు లెక్కిస్తే 330 రూపాయలు కూడా కాదు, కానీ ఆ రెండు నెలల్లో షావుకారు గడప తొక్కకుండా ఉండగలిగిన ఇంటికి దాని విలువ అంతకు చాలా రెట్లు. కేంద్ర పథకంలో ఇంకో పద్ధతి ఉంది. మత్స్యకారుడు 1,500 పొదుపు చేస్తే ప్రభుత్వాలు 3,000 కలిపి వేట లేని మూడు నెలల్లో 4,500 ఇస్తాయి. ప్రమాదంలో చనిపోతే అయిదు లక్షల బీమా ఉంది, దానికి ప్రీమియం కట్టక్కర్లేదు.

డీజిల్ సంగతి వేరు. 2019లో రాష్ట్రం రాయితీని లీటరుకు తొమ్మిది రూపాయలకు పెంచింది. యాంత్రిక పడవకు నెలకు 3,000 లీటర్ల వరకు, మోటారు పడవకు 300 లీటర్ల వరకు. లెక్క వేస్తే ట్రాలర్‌కు నెలకు 27,000 రూపాయల దాకా, ఫైబర్ పడవకు 2,700 దాకా. తెడ్డుతో నడిచే తెప్పకు ఏమీ రాదు. పెద్ద పడవ ఎక్కువ తాగుతుంది, దాని మీద ఎక్కువమంది బతుకుతారు, నిజమే. అయినా ప్రభుత్వ సొమ్ము ఎక్కువగా ఎటు ప్రవహిస్తుందో ఈ రెండు అంకెలు చెబుతాయి. ప్రపంచమంతా ఇదే కథ. 2018లో ప్రపంచ దేశాలు చేపల వేటకు ఇచ్చిన రాయితీలను 35.4 బిలియన్ డాలర్లుగా పరిశోధకులు లెక్కగట్టారు. అందులో చిన్న తరహా వేటకు దక్కింది అయిదో వంతు కూడా కాదు. ప్రపంచంలో పట్టే చేపలో కనీసం 40 శాతం పట్టేది, ఈ రంగం మీద బతికేవారిలో 90 శాతం మంది ఉండేది మాత్రం అక్కడే.

సుంకాల దెబ్బ తగిలాక వచ్చిన సాయాన్ని చూద్దాం. 2025 నవంబరులో కేంద్ర మంత్రివర్గం 25,060 కోట్లతో ఎగుమతి ప్రోత్సాహక మిషన్‌ను, ఎగుమతిదారులకు 20,000 కోట్ల రుణ హామీ పథకాన్ని ఆమోదించింది. అంతకుముందే సెప్టెంబరులో వలల మీద, చేపల ఉత్పత్తుల మీద జీఎస్టీని అయిదు శాతానికి తగ్గించారు. కర్మాగారం మూతపడితే కింద అందరూ పడిపోతారు కాబట్టి ఎగుమతిదారును నిలబెట్టడం అవసరమే. కానీ అక్కడ పోసిన నీరు తనంతట తానే తీరం దాకా దిగుతుందని ఎందుకు నమ్మాలి? కర్మాగారానికి అప్పు దొరికినంత మాత్రాన ఒడ్డున పాట ధర పెరగాలన్న షరతు ఎక్కడా లేదు.

నేరుగా మత్స్యకారుడికే అప్పు ఇచ్చే సాధనం ఒకటుంది, కిసాన్ క్రెడిట్ కార్డు. 2018-19లో దాన్ని మత్స్యరంగానికి విస్తరించారు. 2025-26 బడ్జెట్‌లో రాయితీ వడ్డీ రుణ పరిమితిని మూడు లక్షల నుంచి అయిదు లక్షలకు పెంచుతున్నట్టు ప్రకటించారు. సకాలంలో కడితే వడ్డీ నాలుగు శాతమే. తాకట్టు లేని రుణానికి రిజర్వ్ బ్యాంకు పెట్టిన హద్దు రెండు లక్షలు. కాగితం మీద ఇది షావుకారు సంకెలను తెంచగల పనిముట్టు. అయితే బ్యాంకుకు పడవ రిజిస్ట్రేషన్ కావాలి, ఆదాయానికి ఆధారం కావాలి. పడవ లేని, వాటా మీద పనిచేసే మనిషి ఏమి చూపాలి? ఖర్చులు పోను మిగిలినదాన్ని పడవకు, వలకు, మనుషులకు వాటాలు వేసుకునే వృత్తి ఇది. ఆ వాటాకు రసీదు ఎవరూ రాయరు.

జాబితా తయారుచేయడం కష్టం అనే మాటను నేను ఒప్పుకోను. వేట నిషేధ భృతి కోసం ఏటా పడవ పడవకూ వెళ్లి దాని మీద పనిచేసేవారి పేర్లు రాసుకుంటున్నారు కదా. ఆ పేర్లనే రుణానికి, ధర పడిపోయినప్పటి సాయానికి ఆధారంగా తీసుకోవడానికి అడ్డేమిటి? ఒక్క చిక్కు మాత్రం నిజమైనది. శ్రీకాకుళం, విజయనగరం తీర గ్రామాల నుంచి ఎందరో గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి అక్కడి ట్రాలర్ల మీద కూలీలుగా పనిచేస్తారు. వాళ్లు పట్టే కణవ విదేశాలకు వెళుతుంది. విదేశంలో గిరాకీ పడితే దెబ్బ తినేది వెరావల్ యజమాని ఒక్కడే కాదు, ఇక్కడి పల్లెలో నెలాఖరు డబ్బు కోసం ఎదురుచూసే ఇల్లు కూడా. ఆ మనిషి ఏ రాష్ట్ర జాబితాలో ఉండాలన్నది రెండు రాష్ట్రాలు, కేంద్రం కూర్చుని తేల్చాల్సిన విషయం.

జెనీవాలో ఏమి జరుగుతోంది

తీర గ్రామాల్లో ఒక వదంతి తరచూ వినిపిస్తుంది. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందంతో డీజిల్ రాయితీ, నిషేధ భృతి రెండూ పోతాయని. ఇందులో ఎంత నిజముందో విడదీసి చూడాలి.

ఒప్పందాలు రెండు. మొదటిది 2022 జూన్ 17న జెనీవాలో కుదిరింది, మూడింట రెండు వంతుల సభ్య దేశాలు ఆమోదించడంతో 2025 సెప్టెంబరు 15న అమల్లోకి వచ్చింది. ఇది నిషేధించేది మూడింటిని. దొంగ వేట చేసే పడవలకు రాయితీ, ఇప్పటికే తరిగిపోయిన చేప జాతుల వేటకు రాయితీ, ఎవరి అదుపులోనూ లేని మహాసముద్ర ప్రాంతంలో వేటకు రాయితీ. చేప నిల్వను తిరిగి పెంచే చర్యలు తీసుకుంటున్న దేశానికి రెండోదానిలో వెసులుబాటు ఉంది. వర్ధమాన దేశాలు తమ 200 నాటికల్ మైళ్ల పరిధిలో ఇచ్చే రాయితీల మీద రెండేళ్ల దాకా ఫిర్యాదు చేయకూడదు. పైగా ఒప్పందం అమల్లోకి వచ్చేనాటికి భారత్ దాన్ని ఆమోదించలేదు. కాబట్టి తొమ్మిది రూపాయల డీజిల్ రాయితీ దీనివల్ల రేపే పోతుందన్న మాట నిజం కాదు.

అసలు గొడవ రెండో ఒప్పందం మీద. మితిమీరిన పడవలకు, మితిమీరిన వేటకు దారితీసే రాయితీలను అదుపు చేయడం దాని ఉద్దేశం. ఇంధనం, ఐసు, పడవ కొనుగోలు, సిబ్బంది ఖర్చు, ఆదాయ సాయం అన్నీ ముసాయిదా పట్టికలో ఉన్నాయి. 2024లో అబూదాబీ సమావేశంలో ఇది కుదరలేదు. ఆ ముసాయిదాలోనే ఒక వాక్యం మనవాళ్లకు ముఖ్యమైనది. వేట నిషేధ కాలంలో కుటుంబ పోషణ కోసం ఇచ్చే ఆదాయ సాయాన్ని ఆ పట్టిక నుంచి మినహాయించారు. అంటే ఏప్రిల్–జూన్ భృతికి ఆ ముసాయిదా ప్రకారం కూడా ముప్పు లేదు. ఈ సంగతిని ఎవరైనా తీర గ్రామాల్లో మైకు పెట్టి చెప్పాలి.

ముప్పు ఉన్నది మరోచోట. పేద మత్స్యకారుల జీవనాధార వేటకు మినహాయింపు తీరం నుంచి 12 మైళ్ల వరకా, 24 మైళ్ల వరకా అని బేరం సాగింది. మన ప్రభుత్వం 200 మైళ్ల దాకా కావాలంది, పాతికేళ్ల గడువు అడిగింది. దూర సముద్రాల్లో వేటాడే సంపన్న దేశాలు ముందు తమ రాయితీలు ఆపాలని పట్టుబట్టింది. 2022లో జెనీవాలో అప్పటి మన వాణిజ్య మంత్రి పీయూష్ గోయల్ చెప్పిన లెక్క ప్రకారం, భారత్ ఒక్కో మత్స్యకార కుటుంబానికి ఏడాదికి ఇచ్చేది 15 డాలర్లు మాత్రమే, కొన్ని దేశాలు 42,000 నుంచి 75,000 డాలర్ల దాకా ఇస్తున్నాయి.

12 మైళ్లు ఎందుకు చాలవో పూడిమడక చూస్తే తెలుస్తుంది. అనకాపల్లి జిల్లాలోని ఆ ఊరి మత్స్యకారులు చిన్న పడవల మీదే గేలాలతో టూనా కోసం లోతు సముద్రానికి వెళతారు. ఒక్కో చేపను చేత్తో పట్టే ఆ పద్ధతి సముద్రానికి చేసే హాని చాలా తక్కువ. దూరాన్ని బట్టి పేదవాడెవరో నిర్ణయిస్తే వాళ్లు గీత అవతల పడతారు. అందుకే మన వాదనలో న్యాయం ఉందని నా అభిప్రాయం. అయితే అంతర్జాతీయ వేదిక మీద చిన్న మత్స్యకారుడి పేరు చెప్పి తెచ్చుకున్న వెసులుబాటు, ఇంటికి వచ్చేసరికి ట్రాలర్‌కు పదింతలు డీజిల్‌గా మారితే ఆ వాదన బలం తగ్గుతుంది. తీరం నుంచి ఎనిమిది కిలోమీటర్ల లోపల యాంత్రిక పడవలు వేటాడకూడదని మన రాష్ట్రంలో నియమం ఉంది. దాన్ని పకడ్బందీగా అమలు చేస్తే, ఖజానా నుంచి రూపాయి అదనంగా ఖర్చు కాకుండానే చిన్న పడవకు అది పెద్ద సాయం.

గడువు కూడా ఒకటుంది. మొదటి ఒప్పందం అమల్లోకి వచ్చిన నాలుగేళ్లలో సమగ్ర నియమాలు కుదరకపోతే, సభ్య దేశాలు వేరేలా నిర్ణయిస్తే తప్ప, ఆ మొదటిదే రద్దవుతుంది. అంటే 2029 సెప్టెంబరు. అప్పటిదాకా బేరం సాగుతూనే ఉంటుంది.

దెబ్బ తగిలిన ఇతరులు ఏమి చేశారు

2023 ఆగస్టులో ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రం నీటి విడుదలను కారణంగా చూపి చైనా జపాన్ సముద్ర ఉత్పత్తులను పూర్తిగా నిషేధించింది. జపాన్ ఉత్తర దీవి హొక్కైడోలోని స్కాలప్ ఆల్చిప్పలకు అది పిడుగుపాటు. వాటిని చైనాకు పంపి, అక్కడ వలిపించి, అమెరికా దాకా అమ్మే ఏర్పాటు ఒక్కరోజులో ఆగిపోయింది. జపాన్ ప్రభుత్వం వేర్వేరు నిధులుగా 10,000 కోట్ల యెన్‌లకు పైగా సమకూర్చింది. పేరుకుపోయిన సరుకు కొనుగోలుకు, దేశంలోనే వలిచే యంత్రాలకు, కొత్త మార్కెట్ల వెతుకులాటకు ఆ డబ్బు వెళ్లింది. ఆల్చిప్పలు బడిపిల్లల భోజనంలోకీ చేరాయి. సాయం డబ్బుగా మాత్రమే కాదు, కొనుగోలుగా కూడా వచ్చింది. పాటలో ఇంకో కొనుగోలుదారు నిలబడ్డాడు. ధర పడిపోకుండా ఆపేది అదే.

బ్రిటన్ అనుభవం మన పొరపాటును అద్దంలో చూపిస్తుంది. ఐరోపా సమాఖ్య ఉమ్మడి మార్కెట్ నుంచి బయటపడిన 2021 జనవరిలో తాజా చేపల లారీలు పత్రాల దగ్గర ఆగిపోయాయి. ప్రభుత్వం 2.3 కోట్ల పౌండ్ల సహాయ నిధి ప్రకటించింది, మొదట అది ఎగుమతిదారులకే. చేప పట్టేవాడు తాను ఎగుమతిదారు కాదు కాబట్టి నష్టపోయినా అర్హుడు కాలేదు. నిరసన వచ్చాక కొన్ని వారాల్లోనే వేట చేసేవారికి, ఆల్చిప్పల పెంపకందారులకు అందులో చోటిచ్చారు.

అంతకంటే దగ్గరి ఉదాహరణ కేరళ. తిరువనంతపురం తీరంలోని మరియనాడ్‌లో మత్స్యకారులు సంఘం కట్టుకుని, తమ చేప తొలి అమ్మకం తామే నడుపుకోవడం మొదలుపెట్టారు. పాట సంఘం పేరున జరుగుతుంది. డబ్బు వెంటనే చేతికొస్తుంది. అమ్మకంలో కొంత శాతం పట్టుకుని అప్పు తీర్చడం, పొదుపు రెండూ అందులోంచే చేస్తారు. చేప పడని రోజు కట్టాల్సింది ఏమీ ఉండదు, పడ్డ రోజు కొంచెం ఎక్కువ కడతారు. సముద్రం తీరు తెలిసినవాళ్లు మాత్రమే ఆలోచించగల అప్పు పద్ధతి ఇది. ఇలాంటి సంఘాలన్నీ కలిసి 1980లో దక్షిణ భారత మత్స్యకార సంఘాల సమాఖ్యగా ఏర్పడ్డాయి. ప్రభుత్వ పక్షాన 1984లో మత్స్యఫెడ్ అనే రాష్ట్ర సహకార సమాఖ్య వచ్చింది. 2021లో కేరళ ఏకంగా చేపల వేలానికే చట్టం చేసి, వేలందారు కమీషన్‌కు హద్దు పెట్టింది.

మన తీరంలోనూ సంఘాలకు కొదవ లేదు. పథకాలకు దరఖాస్తులు నింపడంతో ఆగిపోకుండా, ఆ సంఘాలు ఒడ్డున తూకం యంత్రం, ఐసు పెట్టె, పాట పుస్తకం పట్టుకుని కూర్చునేలా చేయడానికి ఎంత ఖర్చవుతుంది? ఒక రేవుకు కొన్ని లక్షలు. ఆ పాట పుస్తకమే మిగతా తాళాలన్నిటికీ చెవి. ఏ పడవ ఎంత అమ్మిందో అందులో ఉంటుంది కాబట్టి బ్యాంకుకు ఆదాయ ఆధారం దొరుకుతుంది. ఏ వలతో పట్టిన రొయ్యో ఉంటుంది కాబట్టి ఎగుమతి పత్రానికి జాడ దొరుకుతుంది. విదేశీ సుంకం పడిన వారంలో ఏ రేవులో ధర ఎంత దిగిందో ప్రభుత్వానికి తెలుస్తుంది. ఇప్పుడు ఆ సంగతి ఎవరి దగ్గరా లిఖితంగా లేదు. ఎంత నష్టపోయారో రుజువు లేనివారికి పరిహారం అడిగే దారి కూడా ఉండదు.

పాట ముగిశాక మగవాళ్లు వలలు సర్దుకుంటారు. అప్పుడు గంపలతో ముందుకు వచ్చేది ఆడవాళ్లు. ఏజెంట్లు వదిలేసిన కుప్పలను అప్పు మీద కొని, పక్క ఊళ్ల వీధుల్లో అమ్మి, మిగిలింది ఎండబెడతారు. ఎగుమతి మీద ఆధారపడకుండా మన దేశంలోనే చేపల వాడకం పెంచాలని ప్రతి విధాన పత్రంలోనూ రాస్తున్నారు. ఆ పనిని తరతరాలుగా చేస్తున్నది వీళ్లే. వేట నిషేధ భృతి పడవ సిబ్బందికి, వీళ్లకు కాదు. కేంద్ర పథకమైన మత్స్య సంపద యోజనలో మహిళలకు యూనిట్ విలువలో 60 శాతం రాయితీ ఉన్నా మిగతా 40 శాతం ముందు తామే తేవాలి. అది మళ్లీ వడ్డీకే పుడుతుంది. తడి కారుతున్న గంపతో బస్సు ఎక్కనివ్వరు, కాబట్టి అయిదారుగురు కలిసి ఒక ఆటో మాట్లాడుకుంటారు. ఎండ పెరగకముందే ఊరు చేరాలి. ఐసు కొనడానికి డబ్బు ఉన్న రోజు చేప సాయంత్రం దాకా నిలుస్తుంది, లేని రోజు మధ్యాహ్నానికే సగం ధరకు ఇచ్చేసి వస్తారు.